ఆండ్రె సిట్రోయెన్ అసలు జూదం ఎక్కడ ఆడాడు?

ఆండ్రె సిట్రోయెన్ పేరు ఇవాళ్టికీ కార్ల మీద ఉంది. ఆ కార్ల కంపెనీ మాత్రం అతని చేతిలో ఉన్నది 1919 నుంచి 1934 దాకా, అంటే పదిహేనేళ్ళే. 1934 డిసెంబర్ 21న కంపెనీ దివాలా తీసి కోర్టు చేతికి వెళ్ళింది. మరో ఆరు నెలలకే, 1935 జులై 3న, సిట్రోయెన్ కడుపు క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి వయసు 57. యూరప్‌లోనే అతి పెద్ద కార్ల తయారీదారు అనిపించుకున్న మనిషి అంత త్వరగా ఎలా కూలిపోయాడని అడిగితే, అప్పట్నుంచీ ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: దోవిల్ కాసినో. పగలు కార్ల మీద సంపాదించింది రాత్రి పేకాట బల్ల మీద తగలేశాడు, అంతే.

వినడానికి కథ బాగానే ఉంటుంది. చేసిన తప్పుకి తగిన శాస్తి జరిగినట్టు అనిపిస్తుంది. కానీ కంపెనీ ఎవరెవరికి బాకీ పడిందో చూస్తే ఈ కథ నిలబడదు. దాన్ని కూల్చిన బాకీలు టైర్లు ఇచ్చినవాళ్ళవి, విడిభాగాలు ఇచ్చినవాళ్ళవి, బ్యాంకులవి. అలాగని జూదగాడి బుద్ధికీ పతనానికీ సంబంధం లేదని కాదు. సంబంధం ఉంది, బాగా ఉంది. ఆ బుద్ధి పేకముక్కల దగ్గర చేసిన నష్టం కన్నా యంత్రాల దగ్గర చేసిన నష్టం ఎన్నో రెట్లు పెద్దది.

ముందు పేకముక్కల సంగతే చూద్దాం. దోవిల్ నార్మండీ తీరంలో ఉన్న విహార కేంద్రం. వేసవి వస్తే పారిస్‌లో డబ్బున్నవాళ్ళంతా అక్కడ తేలేవారు. 1922లో నికో జోగ్రాఫోస్ అనే గ్రీకు ఆటగాడు తన భాగస్వాములతో కలిసి అక్కడ బకారా అనే పేకాట బల్ల దగ్గర బ్యాంకు పట్టి, అంటే మిగతా అందరి పందేలకీ తానే ఎదురు నిలిచి, ‘తూ వా’ అని ప్రకటించాడు. అంటే పందేనికి పై హద్దు లేదు, ఎవరు ఎంతైనా కాయొచ్చు. దోవిల్‌లో పెద్ద మొత్తాలు ఒడ్డేవాళ్ళుగా పేరుపడ్డవాళ్ళలో సిట్రోయెన్ ఒకడు. అతని నష్టాల మీద పత్రికలు పోటాపోటీగా అంకెలు వేసేవి. అతను కూడా దాన్ని పెద్దగా దాచుకున్నవాడు కాదు. పేరు పత్రికల్లో ఉంటే చాలు, ఎందుకు ఉందన్నది తర్వాత సంగతి అన్నట్టుండేది అతని ధోరణి.

బకారాలో తెలివితేటలకి చోటు చాలా తక్కువ. చేతిలో ముక్కల విలువలు కూడి, పదుల స్థానం వదిలేయాలి. మిగిలిన అంకె ఎవరిది 9కి దగ్గరగా ఉంటే వాళ్ళది గెలుపు. 7, 8 పడ్డాయంటే మొత్తం 15, కాబట్టి లెక్కకి వచ్చేది 5. పది, జాకీ, రాణి, రాజు అన్నీ సున్నాలే. రెండు ముక్కలు పంచుతారు, అవసరమైతే మూడోది. ఒక ఆట నిమిషంలో తేలిపోతుంది. బ్యాంకు పట్టినవాడికి ఉండే మొగ్గు చాలా కొద్ది, నూటికి ఒకటి అటూ ఇటూ. అందుకే ఎదురుగా కూర్చున్నవాడికి ఇది దాదాపు సమానమైన ఆటలా కనిపిస్తుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆట పూర్తిగా సమానమే అనుకుందాం, బొమ్మా బొరుసూ లాగా. ఒకడి దగ్గర లక్ష, ఎదుటివాడి దగ్గర తొమ్మిది లక్షలు ఉన్నాయి. ఇద్దరిలో ఒకరి జేబు ఖాళీ అయ్యేదాకా సమానమైన పందేలు ఆడుతూనే ఉంటారు. ఖాళీ అయ్యేది లక్ష ఉన్నవాడి జేబే కావడానికి పదింట తొమ్మిది వంతుల అవకాశం ఉంది. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, ఎవరికీ దురదృష్టం పట్టనక్కర్లేదు. జేబు లోతులో తేడా చాలు. పై హద్దు లేని బల్ల దగ్గరైతే, పోయింది రాబట్టుకోవాలనుకున్నవాడు పందెం రెట్టింపు చేసుకుంటూ పోవచ్చు. అది ఆటగాడికి ఇచ్చిన సౌకర్యంలా కనిపిస్తుంది. నిజానికి అతన్ని ఇంకా తొందరగా ఇంటికి పంపించే ఏర్పాటు అది. జోగ్రాఫోస్‌కి ఈ లెక్క బాగా తెలుసు. వెనకాల భాగస్వాముల పెట్టుబడి ఉంది, ఓపిక ఉంది, బల్ల దగ్గర అతనికి వేరే పని కూడా లేదు.

అదే దోవిల్‌లో పందేలు కాసిన మరో వ్యాపారి లండన్ సెల్ఫ్రిడ్జెస్ స్థాపకుడు హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్. 1909లో తెరిచిన ఆ దుకాణం మీద పట్టు 1940ల మొదటికల్లా అతని చేయి జారిపోయింది. 1947లో పట్నీలో ఒక అద్దె ఫ్లాట్‌లో పోయాడు. అతని విషయంలో జూదం, విలాసాలు, పన్నుల బాకీలు, కంపెనీ నుంచి తీసుకున్న అప్పులు అన్నీ కలిసిపోయాయి, ఏది ఎంత ముంచిందో విడదీయడం కష్టం.

కాసినో నేరుగా కంపెనీ ఖజానాకే చిల్లు పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్‌కి రావాలి. డైయో పేపర్ అక్కడ టిష్యూలు, డైపర్లు చేసే పెద్ద కంపెనీ. స్థాపకుడి మనవడు మోతోతకా ఇకావా టోక్యో యూనివర్సిటీలో లా చదివి, కంపెనీ ఛైర్మన్ అయ్యాడు. మకావ్, సింగపూర్ కాసినోల్లో బకారా ఆడేవాడు. 2010, 2011 సంవత్సరాల్లో ఏడు అనుబంధ సంస్థల నుంచి అతను తీసుకున్న డబ్బు సుమారు 1,068 కోట్ల యెన్‌లు. తనఖా లేదు, ముందస్తు తీర్మానం లేదు. ఛైర్మన్ గారు అడిగారంటే ఖాతాలో పడిపోయేది. 2011 సెప్టెంబర్‌లో ఒక అనుబంధ సంస్థ నుంచి వచ్చిన ఇమెయిల్‌తో వ్యవహారం బయటపడింది. అదే నెలలో రాజీనామా, నవంబర్‌లో అరెస్టు, 2012 అక్టోబర్‌లో నాలుగేళ్ళ జైలు శిక్ష. స్థాపక కుటుంబం మాటకి ఎదురుచెప్పని సంస్కృతే దీనికి దారితీసిందని విచారణ కమిటీ తేల్చింది. జూదంలో ఓడిన భర్తకి తనను ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది నిండు సభలో అడిగింది. డైయోలో అలాంటి ప్రశ్న ఒక్కటి పైకి రావడానికి ఏడాదికి పైగా పట్టింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అంత డబ్బు బయటికి పోయినా డైయో పేపర్ మునిగిపోలేదు. ఛైర్మన్ జైలుకి వెళ్ళాడు, కుటుంబం వాటాలు అమ్ముకుని పట్టు కోల్పోయింది, కంపెనీ మాత్రం టిష్యూలు చేస్తూనే ఉంది. కాసినో ఎంత పెద్ద రంధ్రమైనా, లోపల వ్యాపారం గట్టిగా ఉంటే ఆ రంధ్రాన్ని పూడ్చుకోవచ్చు. సిట్రోయెన్‌కి జరిగింది దీనికి తలకిందులు. అక్కడ పందెంగా ఒడ్డింది వ్యాపారాన్నే.

మొదటి పెద్ద పందెం 1915లో. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఫ్రెంచ్ సైన్యానికి ఫిరంగి గుండ్లు చాలడం లేదు. పళ్ళ చక్రాల వ్యాపారం నడిపిన అనుభవం, మోర్స్ అనే కార్ల కంపెనీని గట్టెక్కించిన పేరు ఉన్న సిట్రోయెన్, కొన్ని నెలల్లో ఫ్యాక్టరీ కట్టి గుండ్లు వేలకొద్దీ ఇస్తానని మాటిచ్చాడు. ఆ మాటిచ్చే నాటికి ఫ్యాక్టరీ లేదు. పారిస్‌లో సేన్ నది ఒడ్డున జావెల్ దగ్గర స్థలం తీసుకుని కట్టించి, అన్నంత పనీ చేశాడు. యుద్ధం ముగిసేసరికి అక్కడి నుంచి 2 కోట్లకు పైగా గుండ్లు వెళ్ళాయి. దాన్ని ఎవరూ జూదం అనలేదు, దార్శనికత అన్నారు. గెలిచిన పందేనికి ఆ పేరే పెడతారు.

యుద్ధం అయిపోగానే అవే షెడ్లలో కార్లు. అమెరికాలో ఫోర్డ్ చేస్తున్నట్టు ఒకే రకం కారుని వరసలో పెట్టి భారీ సంఖ్యలో చేయడాన్ని 1919లో యూరప్‌కి తెచ్చింది సిట్రోయెనే. వాయిదాల మీద కార్లు అమ్మడం, ఊరూరా డీలర్లని పెట్టడం, పిల్లల కోసం తన కార్ల బొమ్మలు చేయించి మార్కెట్లో వదలడం, ఇవన్నీ ఆ తర్వాత వచ్చాయి. అమెరికన్ కంపెనీ బడ్‌తో ఒప్పందం చేసుకుని మొత్తం ఉక్కు బాడీలకి మారాడు. దానికి కావాల్సిన ప్రెస్సులు, అచ్చులు ఎంత ఖరీదైనవంటే, కార్లు లక్షల్లో అమ్ముడుపోతే తప్ప ఆ ఖర్చు తిరిగి రాదు. 1925 నుంచి 1934 దాకా ఈఫిల్ టవర్ మీద రెండున్నర లక్షల బల్బులతో అతని పేరు వెలిగింది. సహారా ఎడారి మీదుగా, ఆఫ్రికా మీదుగా, ఆసియా మీదుగా తన బండ్లతో యాత్రలు పంపాడు. ఆసియా యాత్ర నాయకుడు జార్జ్-మరీ హార్ట్ 1932లో హాంకాంగ్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. 1929లో జావెల్ నుంచి లక్షకు పైగా కార్లు వచ్చాయి.

ఇవేవీ పిచ్చి పందేలు కావు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తెలివైన పనే. తప్పు పందెం పరిమాణంలో ఉంది. పదిసార్లలో ఎనిమిది సార్లు గెలిచే పందెం దొరికిందనుకుందాం. అంతకన్నా మంచి పందెం వ్యాపారంలో దొరకదు. కానీ ప్రతిసారీ చేతిలో ఉన్నదంతా ఒడ్డితే, వరుసగా ఐదుసార్లు గెలిచి బయటపడే అవకాశం మూడింట ఒక వంతు కన్నా తక్కువ. ఒక్కసారి ఓడితే అంతకుముందు గెలిచిన నాలుగూ పోతాయి. సిట్రోయెన్ ఎప్పుడూ గెలిచినదాంట్లోంచి కొంత తీసి పక్కన పెట్టలేదు. ఆలోచన మంచిదైతే ఖర్చు సంగతి చూడనక్కర్లేదు అన్నది అతని మాటగా చెబుతారు. అలా అన్నాడో లేదో గానీ, అతని లెక్కల పుస్తకాలు మాత్రం ఆ మాట ప్రకారమే నడిచాయి.

పైగా అతను ఒడ్డింది తన డబ్బు కాదు. కంపెనీ నడిచింది రొటేషన్ మీద. డీలర్లు ముందుగా కట్టే డబ్బు ఒకవైపు నుంచి వచ్చేది, సరఫరాదారులకి నెలల గడువు పెట్టి రాసిచ్చిన హుండీలు, అంటే ఆ గడువుకి డబ్బు కడతామనే పత్రాలు, ఇంకోవైపు పేరుకునేవి. అమ్మకాలు పెరుగుతున్నంత కాలం ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది, రేపటి కార్ల డబ్బు నిన్నటి ఉక్కు బాకీ తీరుస్తుంది. అమ్మకాలు ఆగాయా, బాకీల గడువులు మాత్రం ఆగవు. జేబు లోతు గురించి పైన చెప్పిన లెక్క ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బ్యాంకులకీ, 1929 తర్వాత ప్రపంచాన్ని పట్టిన ఆర్థిక మాంద్యానికీ కావల్సినంత సమయం ఉంది. అతనికి ఉన్నది తర్వాతి హుండీ గడువు దాకానే.

ఈ ప్రమాదాన్ని ముందే చూసినవాళ్ళు లేకపోలేదు. 1927లో డబ్బుకి ఇబ్బంది వచ్చినప్పుడు లజార్ బ్యాంకు ఆదుకుంది, బదులుగా తన మనుషుల్ని బోర్డులో కూర్చోబెట్టింది. ఖర్చుకి కళ్ళెం వేయడమే వాళ్ళ పని. రెండు మూడేళ్ళలో సిట్రోయెన్ వాళ్ళని వదిలించుకున్నాడు. ఈ పతనంలో అసలు మలుపు ఎక్కడ అని అడిగితే చెప్పాల్సింది ఇదే. చేయి పట్టుకుని ఆపే మనిషిని బల్ల దగ్గర నుంచి పంపించేశాక మిగిలింది సమయం ఒక్కటే.

అతని ప్రత్యర్థి, రెనో కార్ల కంపెనీ యజమాని లూయీ రెనో స్వభావం వేరు. నెమ్మదిగా కదిలేవాడు, బ్యాంకుల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు, సొంత లాభాల్లోంచే విస్తరించేవాడు. ఈఫిల్ టవర్ మీద పేరు రాయించుకునే రకం కాదు. మాంద్యం ఫ్రాన్స్‌కి కాస్త ఆలస్యంగా వచ్చింది, కానీ 1932 నాటికి గట్టిగానే తగిలింది. కార్ల అమ్మకాలు పడిపోయాయి. అలాంటి సమయంలో సిట్రోయెన్ చేసింది జావెల్ ఫ్యాక్టరీని పడగొట్టి మళ్ళీ కట్టడం.

1933లో కొన్ని నెలల వ్యవధిలో, ఉత్పత్తి ఆపకుండానే, పాత షెడ్ల స్థానంలో కొత్త ఫ్యాక్టరీ లేచింది. అక్టోబర్‌లో ప్రారంభోత్సవానికి సుమారు 6,000 మందికి లోపలే విందు ఇచ్చాడు. ఇంజనీరింగ్ పనిగా చూస్తే అదొక ఘనతే. అదే ఏడాది వసంతంలో జీతాల కోత మీద కార్మికులు నెలకు పైగా సమ్మె చేశారు. కార్మికుల మధ్య ప్రదర్శనలిచ్చే ఒక వామపక్ష నాటక బృందం అతని దోవిల్ జూదాన్నీ ఫ్యాక్టరీలో వాళ్ళ పాట్లనూ పక్కపక్కన పెట్టి ఎండగట్టింది. కాసినో వల్ల కంపెనీకి జరిగిన నిజమైన నష్టం ఇలాంటిది. బకారాలో పోయిన ఫ్రాంకుల కన్నా ఆ పేరు ఎక్కువ ఖరీదైంది. అప్పు అడగడానికి వచ్చిన మనిషి నిన్న రాత్రి ఎక్కడున్నాడో పత్రికల్లో చదివిన బ్యాంకరు ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఇక ఆఖరి పందెం, ట్రాక్సియాన్ అవాన్ అనే కారు. 1933 మార్చిలో ఆండ్రె లెఫెవ్ర్ అనే ఇంజనీర్ని తీసుకున్నాడు. 1934 ఏప్రిల్‌లో కారు జనం ముందుకి వచ్చింది. మధ్యలో ఉన్నది ఏడాది. ఆ ఏడాదిలో చేసింది చూస్తే నమ్మబుద్ధి కాదు. ఇంజను శక్తి ముందు చక్రాలకి వెళుతుంది. విడిగా ఛాసిస్ (కింది చట్రం) లేదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, మెలితిరిగే ఉక్కు కడ్డీలతో కుదుపుల్ని ఆపే టార్షన్ బార్ సస్పెన్షన్. వీటికి తోడు డ్రైవరు గేర్లు మార్చనక్కర్లేని గేర్‌బాక్స్. జాగ్రత్తపరుడు వీటిలో ఒకటో రెండో తీసుకుని, మిగతావి తర్వాతి మోడల్‌కి ఉంచుకుంటాడు. సిట్రోయెన్ అన్నీ ఒకే కారులో పెట్టాడు, ఆ కారు కోసమే కొత్త ఫ్యాక్టరీ కట్టాడు, దాని అమ్మకాలతోనే పాత బాకీలు తీరుస్తానని అప్పులవాళ్ళకి చెప్పాడు. మూడు పందేలు ఒకదాని మీద ఒకటి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనిచేయలేదు. విడుదలకి కొద్ది వారాల ముందు దాన్ని పక్కన పడేసి, మామూలు మూడు గేర్ల పెట్టె హడావిడిగా ఇరికించారు. ఆ పెట్టె ఇంజనుకి ముందు వైపు ఉండటంతో గేరు కర్ర డాష్‌బోర్డులోంచి బయటికి పొడుచుకొచ్చింది. తొలి కార్లలో ముందు చక్రాలకి శక్తినిచ్చే జాయింట్లు తెగిపోయేవి, బాడీలో బలహీనతలు బయటపడేవి. కొన్నవాళ్ళు బండి వెనక్కి తెస్తుంటే డీలర్లు తలలు పట్టుకున్నారు. ఇవి సరిచేయలేని లోపాలేం కావు. ఇంకో ఏడాది గడువుంటే సర్దుకునేవే. ఆ గడువు ఇచ్చేవాళ్ళే లేరు. సంవత్సరం మొదటి నుంచీ చెల్లింపులకి కటకటలాడుతున్న కంపెనీకి బ్యాంకులు చేతులెత్తేశాయి, ప్రభుత్వం ఆదుకోలేదు. డిసెంబర్‌లో దివాలా.

అతని తండ్రి వజ్రాల వ్యాపారి, వ్యాపారంలో దెబ్బతిని 1884లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఆండ్రె వయసు ఆరేళ్ళు. దీన్ని పట్టుకుని కొడుకు జూదానికి మనస్తత్వ కారణాలు అల్లినవాళ్ళు ఉన్నారు. అంత దూరం వెళ్ళనక్కర్లేదు. 1915లో ఒక పద్ధతి పనిచేసింది, 1919లో పనిచేసింది, 1925లో పనిచేసింది. ఇరవై ఏళ్ళపాటు గెలిపించిన పద్ధతిని ఇరవయ్యో ఏట మానుకునేవాళ్ళు అరుదు.

కంపెనీకి అందరికన్నా ఎక్కువ అప్పు ఇచ్చింది టైర్ల కంపెనీ మిషెలిన్. 1935 మొదట్లో పగ్గాలు అదే అందుకుంది. పియేర్ మిషెలిన్, అతనితో పాటు పియేర్-జూల్ బూలాంజె వచ్చి, మనుషుల్ని తగ్గించారు, మోడళ్ళు తగ్గించారు, ప్రచారం ఖర్చు కోసేశారు. ట్రాక్సియాన్‌ని మాత్రం ముట్టుకోలేదు. లోపాలు ఒక్కొక్కటిగా సరిచేసి అమ్ముతూ పోయారు. ఆ కారు 1957 దాకా తయారైంది, మొత్తం 7.5 లక్షలకు పైగా. సిట్రోయెన్ ఏరికోరి తెచ్చుకున్న లెఫెవ్ర్, రూపశిల్పి ఫ్లామినియో బెర్తోనీ ఇద్దరూ కంపెనీలోనే ఉండిపోయి, 1948లో 2సీవీ, 1955లో డీఎస్ కార్లు చేసి పెట్టారు. తీరని టైర్ల బాకీ కింద చేతికొచ్చిన ఆ కంపెనీని మిషెలిన్ నలభై ఏళ్ళు నడిపి, 1970ల మధ్యలో మరో ఫ్రెంచ్ కార్ల కంపెనీ పేజోకి అప్పగించింది.